ఆలోచనకు లేబర్ ఛార్జీ ఎంత?

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఎర్రలైటు పడింది. మూడో గేరులోంచి రెండుకి దించుదామని క్లచ్చు తొక్కాను. ఇంజిన్ ఆగిపోయింది. దగ్గి, మూలిగి, నాలుగు రోజుల ముందు నోటీసిచ్చి ఆగడం కాదు. మధ్యాహ్నం ఒంటిగంటకి ఫైలు మధ్యలో వదిలేసి భోజనానికి లేచిపోయే గుమాస్తాలా, చడీచప్పుడూ లేకుండా ఆగింది. మరుక్షణం స్టీరింగు బండరాయిలా బిగిసింది. వెనక ఆర్టీసీ బస్సు డ్రైవరు హారన్ మీద చెయ్యి వేసి తియ్యడం మరిచిపోయాడు. పక్కనున్న ఆటో ఆయన తల బయటికి పెట్టి, మా వంశవృక్షంలో నాకే తెలియని కొమ్మలు రెండు మూడు వినిపించాడు.

తాళం తిప్పితే టక్కున స్టార్టయింది. ఏమీ ఎరగనట్టు మొహం పెట్టింది. రామవరప్పాడు రింగు దగ్గర మళ్లీ అదే తంతు. హైవే మీద నూటికి నూరు మార్కులు. సిగ్నల్ దగ్గర, స్పీడ్ బ్రేకరు దగ్గర, ఎక్కడ గేరు మార్చాలో అక్కడ సున్నా.

దీనికి నేను కనిపెట్టిన మొదటి మందు మరమ్మతు కాదు, నాట్యం. కుడిపాదం వేళ్లు బ్రేకు మీద, అదే పాదం మడమ ఎక్స్‌లేటరు మీద, ఎడమకాలు క్లచ్చు మీద. కూచిపూడి మా ఊరికి గంటన్నర ప్రయాణం. అక్కడివాళ్లు ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి తరంగం ఆడితే లోకం చప్పట్లు కొట్టింది. నేను ఏడాదిన్నర పాటు మూడు పెడళ్ల మీద రెండు కాళ్లతో ఆడితే ఒక్కరూ శాలువా కప్పలేదు.

ఇంజిన్ ఎందుకు ఆగిందో చెప్పేవాళ్లకు మన దగ్గర కొరత లేదు. మా అపార్ట్‌మెంటు లిఫ్టు ఐదో అంతస్తు నుంచి కిందికి దిగేలోపు మూడు రోగ నిర్ధారణలు జరిగిపోతాయి. రెండో అంతస్తులో రిటైరైన ఏఈ గారు "పెట్రోలండీ, అంతా ఆ ఇథనాల్ మహత్యం" అంటారు. పెట్రోల్లో ఇథనాల్ 20 శాతానికి చేరిన నాటి నుంచి ఆయనకు అన్ని ప్రశ్నలకూ జవాబు దొరికింది. మైలేజీ తగ్గితే ఇథనాల్, ఏసీ చల్లబడకపోతే ఇథనాల్, మనవడికి ర్యాంకు రాకపోతే కూడా ఇథనాలే అనేట్టున్నారు. ఇథనాల్ లీటరుకిచ్చే శక్తి తక్కువ కాబట్టి మైలేజీ కాస్త తగ్గుతుంది, నిజమే. పాత బండ్లలో రబ్బరు భాగాలకు అది పడకపోవచ్చు, అదీ నిజమే. కానీ నేను క్లచ్చు ఎప్పుడు తొక్కుతానో కనిపెట్టి, సరిగ్గా ఆ క్షణంలోనే ఇంజిన్‌ని చంపేంత పగ దానికి నా మీద ఎందుకుంటుంది? అడిగితే ఆయన మొహం అదోలా పెట్టి "మీకు తెలీదండీ" అన్నారు. తెలియదనే కదా అడిగింది.

నాలుగో అంతస్తు సాఫ్ట్‌వేర్ కుర్రాడు "బ్యాటరీ టెర్మినల్ పీకి పది నిమిషాలాగి పెట్టండంకుల్, రీసెట్ అయిపోతుంది" అన్నాడు. వాడి ఉద్యోగంలో సగం సమస్యలు ఆపి మళ్లీ ఆన్ చేస్తే పోతాయట. పీకాను. అంతకుముందు సిగ్నల్ దగ్గర మాత్రమే ఆగే బండి, ఆ తర్వాత మా గేటు దగ్గరే ఆగింది. ఎందుకలా అయిందో ఆనాడు తెలియలేదు. బండిలోని కంప్యూటర్ ఏళ్ల తరబడి ఆ మురికి ఇంజిన్‌తో ఎలాగోలా సంసారం నెట్టుకొస్తూ నేర్చుకున్న సర్దుబాట్లన్నీ బ్యాటరీ పీకడంతో మరిచిపోయిందని ఇప్పుడు తెలుసు. కొత్త కోడలు మొదటిరోజే వంటింట్లోకి వెళ్లినట్టు, ఏ డబ్బాలో ఏముందో దానికి తెలియలేదు పాపం.

డల్లాస్‌లో ఉన్న మా బావమరిది వీడియో కాల్‌లో నవ్వాడు. "బావా, ఇంకా క్లచ్చు తొక్కుతున్నావా?" అన్నాడు. ఇంకా ఎడ్లకి దాణా పెడుతున్నావా అని అడిగినంత జాలిగా.

ఇక సలహాలు చాలించి మెకానిక్ దగ్గరికి వెళ్లాను. మా వీధి చివర కుర్రాడు. బానెట్ ఎత్తాడు, రెండుసార్లు రేస్ ఇచ్చాడు, "ఐడ్లింగ్ తక్కువుంది సార్" అన్నాడు. జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు, త్రాటిల్ బాడీ పక్కనున్న చిన్న స్క్రూని ఒక చుట్టున్నర తిప్పాడు. బండి గుర్రుమని పైకి లేచింది. "ఇంక ఆగదు. వంద ఇవ్వండి."

నిజంగానే ఆగలేదు. ఎలా ఆగుతుంది? జ్వరమొచ్చినవాడికి దుప్పటి తీసేసి ఐసుగడ్డ మీద పడుకోబెడితే థర్మామీటరులో అంకె తగ్గుతుంది. ఇప్పుడు సమస్య తలకిందులైంది. రెండులోంచి మూడుకి మార్చుదామని క్లచ్చు తొక్కితే, తగ్గాల్సిన ఇంజిన్ వేగం తగ్గకుండా అక్కడే వేలాడుతూ గావుకేక పెట్టేది. క్లచ్చు వదిలితే బండి ముందుకు ఉరికేది. ఎక్స్‌లేటరు మీద కాలు లేకుండానే పటమట లంక సందుల్లో నా బండి ఊరేగింపులో ఏనుగులా నడిచేది. ముల్లు పోయి కత్తి వచ్చె ఢాం ఢాం.

ఆ స్క్రూ గురించి చెప్పకపోతే ఈ దేశపు మరమ్మతు విద్య అర్థం కాదు. కార్బొరేటర్ల రోజుల్లో ఆ స్క్రూ తిప్పడమే విద్య. ఒకటి వేగానికి, ఇంకొకటి పెట్రోలు, గాలి పాళ్లకి. చెవి ఒగ్గి, రెండూ పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పి, వీణ శ్రుతి చేసినట్టు చేసేవాళ్లు. 2000 ప్రాంతంలో పొగ నిబంధనలు బిగిశాక మన కార్లలో కార్బొరేటరు పోయి, ఇంజెక్టర్లూ సెన్సార్లూ కంప్యూటరూ వచ్చాయి. కార్బొరేటరు పోయింది గానీ దాన్ని తిప్పిన చెయ్యి పోలేదు. ఇప్పటి బండిలో ఆ స్క్రూ పని ఐడిల్ పెంచడం కాదు. గాలి దారికి తలుపులాంటి లోపలి బిళ్ల మూసుకున్నప్పుడు గోడకి రాసుకోకుండా ఆపడం. ఫ్యాక్టరీలో బిగించి, ముట్టుకోవద్దని దాని మీద రంగు చుక్క పెట్టి పంపుతారు. దాన్ని తిప్పితే ఏమవుతుంది? బిళ్ల పూర్తిగా మూసుకోదు. సెన్సారు వెళ్లి కంప్యూటరుకి "అయ్యగారి కాలు ఇంకా ఎక్స్‌లేటరు మీదే ఉందండీ" అని అబద్ధం చెబుతుంది. కంప్యూటరు నమ్ముతుంది. నమ్మకపోవడానికి దానికి మనలా పొరుగువాళ్లు లేరు కదా. కాలు ఉందనుకున్నంతసేపూ అది ఐడిల్ సంగతి పట్టించుకోదు. ఇంజిన్ అరుస్తూనే ఉంటుంది.

ఆ కత్తిని పీకించుకోడానికి అద్దాల మేడకి వెళ్లాను. పేరు చెప్పను, బండి కంపెనీ పేరూ చెప్పను. చెప్పినా తేడా ఉండదు, మీ బండి వెళ్లే మేడ కూడా అలాంటిదే. తలుపు తీయగానే చల్లటి గాలి, కాఫీ మిషను, గోడ మీద నవ్వుతున్న ఒక కుటుంబం. ఆ కుటుంబం ఎప్పుడూ బిల్లు చూసి ఉండదు. మెడలో ట్యాగు, చేతిలో ట్యాబు ఉన్న సర్వీస్ అడ్వైజరు వచ్చి కూర్చున్నాడు.

నేను ఏడు నిమిషాలు చెప్పాను. బండి వేడెక్కాకే ఆగుతుందని, ఏసీ ఉంటే ఎక్కువని, గేరులో ఉండగా కాలు తీస్తే ఆగదని, క్లచ్చు తొక్కిన క్షణంలోనే ఆగేదని, ఒక మహానుభావుడు స్క్రూ తిప్పాక అరవడం మొదలెట్టిందని. అతను శ్రద్ధగా తలూపుతూ టైపు చేశాడు. చివర్లో సంతకం పెట్టమని ట్యాబు నా వైపు తిప్పాడు. కస్టమరు ఫిర్యాదు అన్న చోట రెండే మాటలున్నాయి: పికప్ ప్రాబ్లమ్.

ఏడు నిమిషాల వాంగ్మూలాన్ని రెండు మాటల్లోకి కుదించగలిగినవాడు ఏ పత్రికలోనో సబ్ ఎడిటరుగా ఉండాల్సింది.

మధ్యాహ్నం ఫోను. "సార్, స్కానింగ్ చేశాం, ఏ కోడూ లేదు. కానీ ప్లగ్గులు వీకుగా ఉన్నాయి, మార్చేస్తే మంచిది." మార్చమన్నాను. నాలుగింటికి ఇంకో ఫోను. "ఇగ్నిషన్ కాయిల్సు కూడా." అయిదున్నరకి "ఆక్సిజన్ సెన్సారు". మర్నాడు పొద్దున్న "ఇంజిన్ మౌంటింగులు". ప్రతి ఫోనూ "సార్, మీ సేఫ్టీ కోసమే" అని మొదలవుతుంది. మూడో రోజు కాస్త గొంతు తగ్గించి, డాక్టరు బంధువుల్ని పక్కకి పిలిచినట్టు, "క్లచ్చు సెట్టు కూడా ఓసారి ఆలోచించండి సార్" అన్నాడు. ఆలోచించే పని మాత్రం నాకు అప్పగించాడు.

బిల్లు 18,640 రూపాయలు. అందులో డీకార్బొనైజింగ్ ఉంది, ఏసీ డిసిన్ఫెక్షన్ ఉంది, లేబరు మీద 18 శాతం జీఎస్టీ ఉంది. త్రాటిల్ బాడీ క్లీనింగ్ కూడా ఉంది. అది గత మూడేళ్ల బిల్లుల్లోనూ ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను. స్క్రూ గురించి ఎక్కడా లేదు. గేటు దాటి మొదటి సిగ్నల్ దగ్గర క్లచ్చు తొక్కితే, బండి పాత పాటే అందుకుంది. వెనక్కి వెళ్లి చెబితే అడ్వైజరు నా వంక దయగా చూసి, "అది ఈ మోడల్ నేచర్ సార్" అన్నాడు.

నేచర్! ఎంత గొప్ప మాట. మరీ కొత్త బండ్లలో అది కొంతవరకు నిజం కూడా, అదే విషాదం. భారత్ స్టేజ్ ఆరు నిబంధనలు 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చాయి. అలాంటి నిబంధనల కింద తయారైన చాలా బండ్లలో, కాలు తీసిన వెంటనే గాలి దారి టక్కున మూసేస్తే కాలకుండా మిగిలే పెట్రోలు పొగగొట్టంలోంచి పోతుందని, కంప్యూటరు దాన్ని మెల్లగా మూస్తుంది. అందుకే గేరు మార్చేటప్పుడు ఇంజిన్ వేగం ఒక అర సెకను వేలాడుతుంది. అది జబ్బు కాదు. అలాంటి కొత్త బండి తెచ్చినవాడికి ఇది నేచర్ అని చెప్పాలి. కానీ అతనికి ఇంజెక్టరు క్లీనింగ్ అమ్ముతారు. నాలాంటి పాత బండివాడికి ఇది జబ్బు అని చెప్పాలి. కానీ నేచర్ అంటారు. ఎవరికి ఏది చెప్పాలో వాళ్లకు రెండోవాడి చీటీ అందుతుంది. రెండు చీటీల మీదా బిల్లు మాత్రం సక్రమంగా పడుతుంది.

ఇక్కడ ఆ అడ్వైజరు కుర్రాణ్ణి తిట్టి ప్రయోజనం లేదు. వాడికి నెల టార్గెట్లున్నాయి. ఇన్ని డీకార్బొనైజింగులు, ఇన్ని కోటింగులు. "ఈ నెల నేను కూర్చుని అరగంట ఆలోచించాను" అని చెప్పుకోడానికి వాడికి ఏ రిపోర్టులోనూ గడి లేదు. జాబ్ కార్డు తిరగేసి చూడండి. పార్టు నంబరుకి గడి ఉంది, పరిమాణానికి ఉంది, ధరకి ఉంది, బిగించడానికి పట్టే కాలానికి ఉంది. ఏది బిగించాలో, అసలు బిగించాలో వద్దో తేల్చడానికి పట్టే కాలానికి గడి లేదు. గడి లేని పని ఏ ఆఫీసులోనైనా ఎవరైనా చేస్తారా? పార్టు మారిస్తే పార్టు మీద లాభం, బిగింపు మీద లాభం. మార్చక్కర్లేదని తేల్చిన తెలివికి సున్నా. పైగా యజమాని పిలిచి "ఏమయ్యా, ఈ నెల నీ సేల్ పడిపోయిందేం?" అని అడుగుతాడు. అడగడా?

స్కానింగు మాట కూడా చెప్పుకోవాలి. ఈ రోజుల్లో స్కానింగంటే పూర్వం జాతకం చూడడం లాంటిది. స్టీరింగు కింద 16 పిన్నుల సాకెట్టులో ఓ తీగ గుచ్చి, తెర మీద "ఏ కోడూ లేదు" అని వస్తే, ఏ దోషమూ లేదని తీర్మానం. ఐడిల్ వేగం ఉండాల్సిన దానికన్నా తక్కువైందని చెప్పడానికి పీ0506 అనే కోడు ఉన్న మాట నిజమే. కానీ అది పడాలంటే ఆ తక్కువ కొంతసేపు కొనసాగాలి. నా ఇంజిన్ చచ్చేది ఒక్క సెకనులో. చచ్చాక ఎవడు ఫిర్యాదు రాస్తాడు? మనిషి మాట నమ్మక మిషను మాట నమ్మడం వరకు సరే, కనీసం మిషను దేన్ని చూడగలదో, దేన్ని చూడలేదో అయినా తెలుసుకోవాలి కదా. అదీ లేదు.

ఆఖరికి ఆటోనగర్ పట్టాను.

విజయవాడ ఆటోనగర్ గురించి విజయవాడవాళ్లకి చెప్పక్కర్లేదు. లారీ అస్థిపంజరంలా లోపలికి వెళ్లి, ఒళ్లంతా రంగులూ కళ్లూ నినాదాలూ వేయించుకుని పెళ్లికొడుకులా బయటికి వస్తుంది. అలాంటి షెడ్ల వెనక ఒక మేస్త్రి ఉన్నారని తెలిసిన లారీ ఆఫీసు గుమాస్తా చెబితే వెళ్లాను. ఏసీ లేదు, కాఫీ లేదు, నవ్వే కుటుంబం లేదు. ఒక స్టూలు ఉంది, దాని మీద కార్బన్ మసి ఉంది. నేను కూర్చోలేదు.

ఆయన బానెట్ ఎత్తలేదు. "ఎప్పుడాగుద్ది?" అన్నారు.

నేను ఏడు నిమిషాల ఉపన్యాసం మొదలెట్టాను. ఆయన మధ్యలో ఆపి ఒక్కొక్కటే అడిగారు. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఏసీ వేస్తేనా, వెయ్యకపోయినానా? క్లచ్చు తొక్కి గేరు పీకకుండానే ఆగుద్దా, న్యూట్రల్‌కి తెచ్చాకా? తిన్నగా పోతున్నప్పుడు ఎప్పుడైనా మిస్సింగ్ కొట్టిందా? ఈ స్క్రూ ఎవరు కదిపారు? చివరి ప్రశ్న అడిగేటప్పటికి ఆయన బానెట్ ఎత్తి రెండు క్షణాలే అయింది. చెదిరిన రంగు చుక్క చూశారు.

తర్వాత చేసిన పనులు ఇక్కడ కాస్త తీరిగ్గా చెబుతాను, ఎందుకంటే 18,640 రూపాయలిచ్చినా నాకు ఇవెవరూ చూపించలేదు.

ముందు ఆ స్క్రూని వెనక్కి, రంగు గుర్తు కలిసేదాకా తిప్పారు. బండి న్యూట్రల్‌లో పెట్టి, ఊరికే నిలబడి ఉండగా నన్ను క్లచ్చు తొక్కమన్నారు, వదలమన్నారు, మళ్లీ తొక్కమన్నారు. ఇంజిన్ శబ్దం మారలేదు. "క్రాంకు ముందుకీ వెనక్కీ ఆడటం లేదు, క్లచ్చు జోలికి పోనక్కర్లేదు" అన్నారు. క్లచ్చు తొక్కితే ఆ ఒత్తిడి క్రాంకు మీద పడుతుంది. దాన్ని కాసే వాషర్లు అరిగిపోతే నిలబడి ఉన్నా సరే తొక్కినప్పుడల్లా ఇంజిన్ కుంగుతుంది. అలా కుంగలేదు. అర నిమిషంలో క్లచ్చు సెట్టు ఖర్చు ఎగిరిపోయింది.

తర్వాత హోసు పైపుల జాయింట్ల మీద క్లీనర్ స్ప్రే చల్లుకుంటూ వచ్చారు, ఇంజిన్ వేడిగా ఉంటే ఇలా చెయ్యకూడదని షెడ్డులో పనిచేసే బుడ్డోడికి చెబుతూ. ఎక్కడన్నా చీలిక ఉంటే ఇంజిన్ ఆ స్ప్రేని లాక్కుని వేగం మారుస్తుంది. ఐడిల్‌లో ఉన్నప్పుడు గాలి దారి లోపలి ఒత్తిడి బయటి గాలిలో మూడో వంతే ఉంటుంది, అందుకని ఏ చిన్న సందున్నా లాక్కుంటుంది. మారలేదు. ఎక్కడా చీలిక లేదన్నమాట.

ఆ తర్వాత రేస్ ఇచ్చి మూడు వేల దాకా పంపి టక్కున వదిలారు. మీటరు ముల్లు జారి జారి అయిదొందల దగ్గరికి పడి, వణికి, అతికష్టం మీద పైకి లేచింది. ఏసీ వేశారు. మళ్లీ కుంగింది, ఈసారి ఆగిపోయింది. ఆయన మొహంలో మొదటిసారి ఆనందం కనిపించింది. జబ్బు కళ్లముందుకొస్తే వైద్యుడికి ఉండే ఆనందం అది. రోగికి నచ్చదు గానీ, అదే కావాలి.

"ఊపిరి అందట్లేదు బాబూ" అన్నారు.

ఆ మాట నాకు ఇలా అర్థమైంది. కాలు ఎక్స్‌లేటరు మీద లేనప్పుడు ప్రధాన ద్వారం మూసుకుంటుంది. అప్పుడు ఇంజిన్ బతికేది పక్కనున్న ఒక సన్నటి దారిలోంచి వచ్చే గాలితోనే. ఆ దారి ఎంత తెరుచుకోవాలో ఒక చిన్న వాల్వు చూస్తుంది. దాన్ని కంప్యూటరు నడిపిస్తుంది. నాది మూడు సిలిండర్ల ఇంజిన్. నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే సెకనుకి 20 సార్లు లోపల మంట అంటుకోవాలి. ఒక్కోదానికి ఒక్కో గుటక గాలి, అంతే. బండి గేరులో పోతూ ఉండగా కాలు తీస్తే, చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతుంటాయి. కంప్యూటరు పెట్రోలు కూడా ఆపేసి హాయిగా కూర్చుంటుంది. అందుకే గేరులో ఉండగా ఆగదు. క్లచ్చు తొక్కగానే చక్రాలు చెయ్యి వదిలేస్తాయి. ఇంజిన్ దానంతటది నిలబడాలి. పెట్రోలు మళ్లీ మొదలవ్వాలి, ఆ సన్నదారి వెంటనే తెరుచుకోవాలి. మామగారి ఇంట్లో ఏళ్లపాటు కూర్చుని తిన్న అల్లుణ్ణి ఒక్కసారిగా వేరు కాపురం పెట్టమన్నట్టు. దారి నిండా మసి పేరుకుంటే గాలి అందదు, గుటక దొరకదు. అర సెకనులో కథ ముగుస్తుంది.

నాలుగు బోల్టులు విప్పి త్రాటిల్ బాడీ బయటికి తీశారు. పైన బిళ్ల మెరుస్తోంది. మూడేళ్ల బిల్లుల్లో కనిపించిన క్లీనింగ్ అదే. గుడ్డతో పైన తుడిచి, లోపలి దారి జోలికి వెళ్లలేదు. కూతురు పెళ్లికి హాలులో సున్నం వేయించి వంటింటి బూజు వదిలేసినట్టు. వాల్వు విప్పితే దాని మొన నల్లటి జిగురుతో ముద్దలా ఉంది. అది కూర్చునే రంధ్రం సగం మూసుకుపోయింది. బుడ్డోడు ఉప్పుకాగితం తెస్తే ఆయన మెత్తగా మొట్టికాయ వేశారు. లోపల పూత ఉంటుందట. గీస్తే గాలి పక్కల నుంచి దొంగతనంగా పోతుంది. స్ప్రే కొట్టి, మెత్తటి బ్రష్షుతో, పాత బనీను గుడ్డతో కడిగారు. వాల్వుకి కొత్త రబ్బరు రింగు వేశారు. బిగించి, ఏసీ, లైట్లు అన్నీ ఆపి పావుగంట ఊరికే తిరగనిచ్చారు. ఆ తర్వాత ఏసీ వేసి ఇంకాసేపు. కంప్యూటరు మళ్లీ ఓనమాలు దిద్దుకోడానికి. ఇది ఒక్కో బండికి ఒక్కో తీరుగా చెయ్యాలని కూడా చెప్పారు.

రోడ్డెక్కాను. మహానాడు రోడ్డు దాకా వెళ్లి వచ్చాను. మూడులోంచి రెండు, రెండులోంచి న్యూట్రల్. ముల్లు 800 దగ్గర ధ్యానంలో కూర్చుంది. కాళ్లు అలవాటుకొద్దీ తరంగం ఆడబోతే ఆపుకున్నాను.

"ఎంత?" అన్నాను.

"ఎనిమిదొందలివ్వండి. స్ప్రే, రింగు కలిపి."

ఇక్కడి నుంచి నా మీద నేనే బాణం వేసుకోవాలి. అద్దాల మేడలో 18,640కి మారు మాట్లాడకుండా కార్డు గీకిన చెయ్యి ఇది. కాఫీ బాగుందని కూడా అన్నాను అక్కడ. ఇక్కడ ఎనిమిదొందలనగానే నా నోటి నుంచి వచ్చిన మాట ఏమిటంటే, "ఏం మార్చారని మేస్త్రిగారూ? కడిగారంతేగా?"

ఆయన నా వంక చూశారు. కోపంగా కాదు. చాలాసార్లు విన్న ప్రశ్న మళ్లీ వింటే ఎలా ఉంటుందో అలా. "అయిదొందలివ్వండి" అన్నారు. ఇచ్చాను. బేరం గెలిచిన సంతోషంతో ఇంటికొచ్చి మా ఆవిడకి చెబితే, "మీరు ఆయనకి మూడొందలు ఎగ్గొట్టారు, అంతేగా?" అంది. ఆవిడ ఎప్పుడూ ఇంతే, సంతోషాలకి లెక్కలు కడుతుంది.

వారం తర్వాత అద్దాల మేడ నుంచి తియ్యటి గొంతు. "సార్, మా సర్వీసుకి పదికి ఎంత రేటింగిస్తారు? పది కన్నా తక్కువైతే మా అడ్వైజరు ఇన్సెంటివ్ పోతుంది సార్." పది ఇచ్చాను. వారంటీ ఇంకా మిగిలున్నది మా అల్లుడి బండికి, వాడు అక్కడికే వెళ్లాలి.

మొన్న సంక్రాంతి ముందు బ్రేకులు చూపించడానికి మళ్లీ ఆటోనగర్ వెళ్లాను. షెడ్డు ముందు కొత్త బోర్డు, ఫ్లెక్సీ మీద ఎర్రక్షరాలు: "ఇచ్చట కంప్యూటర్ స్కానింగ్ చేయబడును. రూ. 500." స్టూలు మీద మసి లేదు, కుషను ఉంది. గోడకి ఒక ఫోను తగిలించి ఉంది.

నాకన్నా ముందొచ్చిన ఆయన బండికి నాకున్న జబ్బే. మేస్త్రి సాకెట్టులో అగ్గిపెట్టంత డాంగిల్ గుచ్చారు. ఫోను తెర మీద రంగురంగుల ముళ్లు లేచి ఊగాయి. కారాయన కళ్లు పెద్దవి చేసుకుని దాన్నే చూస్తున్నాడు. మేస్త్రి దాని వంక తిరిగి కూడా చూడలేదు. కళ్లు మూసుకుని, బానెట్ మీదికి వంగి, "ఓసారి క్లచ్చు తొక్కండి సార్. వదలండి. మళ్లీ తొక్కండి" అంటున్నారు.

అరగంటలో బండి సిద్ధమైంది. బిల్లు పదమూడొందలు. అందులో స్కానింగు అయిదొందలు. కారాయన బేరమాడలేదు.